కాస్త ఎక్కువ మాంగనీసు

మా ఆయన బదిలీ కాయితం టైపు కూడా అయిపోయిందని టెస్టింగ్ అమ్మాయి నా చెవిలో ఊదింది. మేనేజరుగారి సంతకం ఒక్కటే తరువాయి. ఇవాళ భట్టీలో కాలుతున్న సరుకు లాటు కూడా చెడితే ఆయన ఆ భట్టీ వదిలేసి, మా కంపెనీదే, పెంకులు కాల్చే రెండో యూనిట్‌కు వెళ్ళాలి. అది పక్కవీధిలో లేదు. రైలెక్కి పగలంతా కూర్చోవాలి, అక్కడే గది తీసుకుని ఉండాలి. మామూలు రోజుల్లో అయితే ఇంటికి పరిగెత్తుకెళ్ళి, ఏమండీ కొంప మునిగింది అనేదాన్ని. కానీ మా ఇద్దరికీ మాటలు ఆగిపోయి నెలన్నర దాటింది. మాటలుండగా మనిషి దూరం వెళ్తే ఫోను ఉంటుంది, రాకపోకలు ఉంటాయి. మాటల్లేకుండా వెళ్ళిపోతే ఇక మళ్ళీ మొదలుపెట్టేదెవరు? పొద్దుటినుంచీ ఈ ఒక్క ఆలోచనే నన్ను తినేస్తోంది.

మేం చేసేది చిన్న బిళ్ళలు. గది వెచ్చగా ఉంచే హీటర్లలో వాడతారు. చూడటానికి బూడిదరంగు బొత్తాల్లా ఉంటాయి, వాటిలో విశేషముందంటే ఎవరూ నమ్మరు. బిళ్ళలోకి కరెంటు పోతుంది, బిళ్ళ వేడెక్కుతుంది, ఒక హద్దు దాటి వేడెక్కగానే కరెంటుకు అదే అడ్డుపడుతుంది. చల్లారితే మళ్ళీ దారిస్తుంది. మీటలూ స్ప్రింగులూ ఏవీ ఉండవు, దాని స్వభావమే అంత. అయితే ఆ స్వభావం పుట్టుకతో వచ్చింది కాదు, మేం కలిపి కాల్చి తెప్పించింది. బేరియం టైటనేట్ అనే తెల్లపొడిని ఒట్టిగా కాలిస్తే కరెంటును గడప కూడా తొక్కనివ్వదు. అందులో ఉందా లేదా అన్నట్టు లాంథనం కలిపితే దారిస్తుంది. ఇంకాస్త కలిపితే ఇంకాస్త దారిస్తుందని ఆశపడతాం, మళ్ళీ మూసుకుపోతుంది. ఇక వేడెక్కాక ఆగడం నేర్పేది మాంగనీసు. అది లాంథనం కన్నా తక్కువ పడుతుంది. చాలకపోతే బిళ్ళ ఆగకుండా కాగిపోయి హీటరునే తగలబెడుతుంది. ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడే బిగదీసుకుని హీటరును అసలు మొదలుకానివ్వదు. మొదటిదాన్ని మేం ఆగని బిళ్ళ అంటాం, రెండోదాన్ని మొద్దు బిళ్ళ అంటాం.

ఆ లాంథనాన్నీ మాంగనీసునూ తూచేది నేను. గాలి తగిలితే అంకె మారుతుందని త్రాసును అద్దాల పెట్టెలో పెట్టారు. ఇంట్లో కాలు ఒకచోట నిలవని మనిషిని, ఆ పెట్టె ముందు మాత్రం ఊపిరి కూడా అడిగి పీలుస్తాను. నేను తూచింది మిల్లులో తిరిగి, ప్రెస్సులో బిళ్ళలై, కొన్నాళ్ళకు మా ఆయన భట్టీకి చేరుతుంది. భట్టీలో కాల్చడం ఒక ఎత్తు, చల్లార్చడం ఒక ఎత్తు. నెమ్మదిగా చల్లారిస్తే బయటి గాలి బిళ్ళలోని రేణువుల మధ్య సందుల్లోకి చేరి, మాంగనీసు చేసే పనికి సాయం చేస్తుంది. తొందరపడితే చెయ్యదు. మా భట్టీ పాతది. చల్లారే వేగమంతా దాని గాలి తలుపుల్లో ఉంటుంది, వాటిని ఎంత తెరవాలన్నది మా ఆయన చేతిలో ఉంటుంది. అంటే బిళ్ళకు ఆగడం నేర్పే పనిలో మొదటి చెయ్యి నాది, చివరి చెయ్యి ఆయనది. పెళ్ళయినప్పటినుంచీ ఒకరికొకరం చెప్పుకోకుండానే అది సాఫీగా జరిగిపోయింది.

గొడవ క్యాంటీన్లో మొదలైంది. తూకం గదికీ మిల్లుకూ కలిపి ఒక ఇన్‌చార్జి పోస్టు పడింది. నాకన్నా ముందునుంచి ఆ పని చేస్తున్నవాళ్ళు లేరు. మేనేజరుగారు టీ తాగుతూ అందరి ముందూ మా ఆయన్ని అడిగారు.

"మీ ఆవిడకిద్దామనుకుంటున్నామయ్యా, ఏమంటావు?"

"మా ఆవిడకి కుర్చీ దండగండీ. పట్టుమని పది నిమిషాలు కూర్చుంటే కదా."

అందరూ నవ్వారు. మేనేజరుగారు కూడా నవ్వారు. నవ్వి, సరే చూద్దాంలే అన్నారు. ఆ చూద్దాంలే ఇంకా చూద్దాంలేగానే ఉంది. నేను మా ఆయన్ని నిలదీస్తే, వేళాకోళానికన్నాను, దానికింత రాద్ధాంతమేంటి అన్నాడు. ఇన్నేళ్ళు ఊపిరి బిగబట్టి చేసిన పనిని ఒక్క నవ్వుకు అమ్ముకున్నాడు. తప్పయిందని ఒక్క మాట అంటే కరిగిపోయేదాన్నే. అనలేదు. నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో ఎంత పెద్ద సంగతో తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.

అప్పటినుంచి మాకు మధ్యవర్తి అత్తయ్య. "మీ అబ్బాయి భోజనానికి వస్తాడేమో అడగండి అత్తయ్యా" అని నేనంటే, పక్కనే ఉన్న ఆయన, "ఆకలి లేదని చెప్పమ్మా" అంటాడు. అత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నాకు మాత్రం ఆకలేస్తోంది, అది ఎవరికి చెప్పాలి?" అనేది. ఒకసారి విసుగొచ్చి, నాది ఆయనకూ ఆయనది నాకూ తారుమారు చేసి చెప్పింది. ఆ రోజు నేను తినలేదు, ఆయన ఇద్దరి వంతూ తిన్నాడు.

ఈ మధ్యలో లాటు చెడింది. అన్నీ ఆగని బిళ్ళలు. మీటరు ముందు పెట్టి వేడిచేస్తే, అడ్డుపడాల్సిన చోట అడ్డుపడకుండా కాగుతూ పోయాయి. నాకు వెంటనే తోచింది ఏమిటంటే, మా ఆయన కోపంలో తలుపులు బార్లా తెరిచి భట్టీని గబగబా చల్లార్చేసి ఉంటాడని. నా మీది కోపం ఎవరి మీద చూపించాలి మరి, ఇంట్లో వాళ్ళమ్మ ఉంది, ఫ్యాక్టరీలో భట్టీ ఉంది. ఆ సంగతి మేనేజరుగారికి చెప్పొచ్చు. చెప్పలేదు. నాకు కోపముంటే నేను తిట్టుకుంటాను, ఆయన్ని ఇంకొకరు తిడితే మాత్రం చూడలేను. అందుకని తర్వాతి లాటుకు, తూకం కార్డులో రాసినదాని కన్నా కాస్త ఎక్కువ మాంగనీసు వేశాను. తొందరగా చల్లార్చినా బిళ్ళకు ఆగడం వస్తుందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ లాటు మొద్దు బిళ్ళలైంది. సరే, ఈయన మళ్ళీ దారిలో పడ్డాడు, నేను వేసింది ఎక్కువైందని లెంపలేసుకుని, ఆ తర్వాతి లాటుకు కార్డులో ఉన్నంతే తూచాను. అది ఆగని బిళ్ళలైంది. నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషి ఒకరోజు బాగుంటాడు, ఒకరోజు భట్టీ మీద పడతాడు, ఈయన మనసు కనిపెట్టి నేను మందు తూచాలా అనుకున్నాను. మళ్ళీ కాస్త ఎక్కువ వేశాను. అదే ఇవాళ భట్టీలో ఉన్న లాటు.

మేనేజరుగారి లెక్క ఇంకోలా ఉంది. తూకం కార్డు మారలేదు, పొడి కంపెనీ మారినా కొత్త బస్తాల పొడి పాతదానికన్నా శుభ్రంగానే ఉంది. మరి ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఎందుకు పోతోంది? మంటే సరిగా లేదు, మంట దగ్గరి మనిషే సరిగా లేడు. ఆ మనిషిని మార్చెయ్యాలి. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. నేను కూడా అదే నమ్ముతున్నాను కదా.

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. మా ఆయన రెండో షిఫ్టుకు అప్పటికే వెళ్ళిపోయాడు. నేను కాలు కాలిన పిల్లిలా వంటగదికీ ముందుగదికీ తిరుగుతున్నాను. పొయ్యి తుడిచాను, తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచాను. అత్తయ్య మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అమ్మాయ్, ఆ తిరుగుడు కాస్త ఆపు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"తిరుగుతున్నవి నా కాళ్ళు కదా, మీ కళ్ళకేమైంది?"

"వాడి గురించేనా?"

"మీ అబ్బాయి గురించి నాకేం బెంగ అత్తయ్యా. వెళ్తే వెళ్తాడు, వస్తే వస్తాడు."

"ఎక్కడికి వెళ్తాడు?"

నోరు జారాను. ఇక దాచి లాభం లేదని బదిలీ సంగతి చెప్పాను. అత్తయ్య చేతిలోని చొక్కా ఒళ్ళో పడిపోయింది. తర్వాత తలుపు వైపు చూసింది, ఆయన ఇంట్లో లేడని తెలిసి కూడా గొంతు తగ్గించింది.

"వాడు నీకు చెప్పొద్దన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. అసలు ఈ చెడిపోవడమంతా నీ వల్లేనట."

"నా వల్లా?"

"నువ్వు మనసు పెట్టి తూచడం లేదట. వాడి మీద కోపంతో పరధ్యానంలో పడి, అదేదో మందు తక్కువ వేస్తున్నావట. బయటపడితే నీ ఉద్యోగానికే ఎసరు కదా, అందుకని వాడే భట్టీ దగ్గర సర్దుతున్నాడు. గాలి తలుపులు కాస్త మూసి బాగా నెమ్మదిగా చల్లారుస్తాడట. ఒకసారి అలా చేస్తే ఎక్కువైపోయిందని మానేశాడట, మానేస్తే మళ్ళీ చెడిందట. ఇవాళ మళ్ళీ మూస్తానని చెప్పి వెళ్ళాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను తక్కువ తూచానా? ఈ చేతులు? అందరి ముందూ నవ్వులపాలు చేసింది చాలక, వెనక నాకు తూకమే రాదని కూడా అనుకుంటున్నాడా? చెప్పుల్లో కాళ్ళు పెట్టాను, ఎందుకు పెట్టానో తెలీదు, ఆయన్ని కడిగేయడానికే అయ్యుంటుంది. గడప దాటబోతూ ఆగిపోయాను.

నేను మాంగనీసు ఎక్కువ వేసిన లాటుకే ఆయన తలుపులు మూశాడు. నేను మానేసిన లాటుకే ఆయన కూడా మానేశాడు. ఆయన తొందరపడుతున్నాడని నేను, నేను తక్కువ తూస్తున్నానని ఆయన, ఒకరి తప్పు ఒకరం కప్పుతున్నామనుకుని ఒకేసారి ఎక్కీ ఒకేసారి దిగీ ఇన్ని బిళ్ళలు తగలేశాం. ఇద్దరిలో ఎవరో ఒకరం సర్దుకుని ఊరుకుంటే సరిపోయేది. ఇవాళ భట్టీలో ఉన్నది నేను ఎక్కువ వేసిన లాటు. ఆయన తలుపులు మూస్తే అది మొద్దు బిళ్ళలవుతుంది, సంతకం పడుతుంది.

"అత్తయ్యా, భట్టీ మంట ఎప్పుడు దించుతానన్నాడు?"

"పొద్దు వాలేసరికి అన్నాడు. ఎక్కడికే? చున్నీ అన్నా వేసుకో."

భట్టీ గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. గేటుకు చేస్తే ఏమని చెప్పాలి, తలుపులు మూయొద్దని మా ఆయనకు చెప్పండి అంటే ఫ్యాక్టరీ అంతా పాకుతుంది. బస్సు కోసం నిలబడ్డాను. నిలబడ్డానని అనడమే గానీ, స్టాపు ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగాను. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కాళ్ళు దగ్గరికి తీసుకుని నాకు దారి వదిలాడు. బస్సొచ్చింది, ఎక్కాను, పెద్ద కూడలి దగ్గర అది కదలనని మొరాయించింది. ముందున్న లారీ వెనక తలుపు మీది దుమ్ములో ఎవరో వేలితో నవ్వుముఖం గీశారు. దాన్ని చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందనిపించి, డ్రైవర్ని బతిమాలి దిగేశాను. టైర్ల దుకాణాలూ గాజు పలకల గోదాములూ దాటుకుంటూ నడిచాను, తర్వాత పరిగెత్తాను. ఈ వయసులో పట్టపగలు వీధిలో ఆడమనిషి పరిగెడితే అందరూ వెనక్కి తిరిగి ఎవరు తరుముతున్నారా అని చూస్తారు. చూసుకోనీ అనుకున్నాను. ఆ పరుగులో కూడా ఒక మాట మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. నా మీద అనుమానపడ్డాడు, నిజమే. అనుమానపడి కూడా నన్ను పట్టివ్వలేదు.

గేటు దగ్గర కాపలాదారు అడ్డం వచ్చాడు.

"మీ షిఫ్టు అయిపోయిందిగా అమ్మా."

"కళ్ళజోడు మర్చిపోయాను."

"మరి ముక్కు మీదున్నదో?"

"ఇది నడవడానికి. మర్చిపోయింది తూచడానికి."

ఆయన ఇంకా దాని గురించి ఆలోచిస్తుండగానే లోపలికి వెళ్ళిపోయాను.

భట్టీ గది తలుపు తీస్తే వేడి ముఖాన కొట్టింది. మంట అప్పుడే తగ్గించినట్టున్నాడు, హోరు సన్నబడింది. మా ఆయన నాకు వీపు పెట్టి, గాలి తలుపు చువ్వ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఒక్కసారిగా చిక్కిపోయినట్టు కనిపించాడు. నెలన్నరగా ఆ వీపును చూస్తూనే ఉన్నాను, చూడలేదన్నమాట.

"ఆ తలుపు మూయకండి."

ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. తర్వాత నా వెనక్కి చూశాడు, వాళ్ళమ్మ కూడా వచ్చిందేమోనని.

"మీతోనే. ఆ తలుపు ఎప్పుడూ ఉంచినంతే ఉంచండి. దీంట్లో మాంగనీసు ఎక్కువుంది."

"ఎక్కువా? ఎందుకు ఎక్కువుంటుంది?"

"నేనే వేశాను కాబట్టి. మీరు కోపంలో భట్టీని తొందరగా చల్లారుస్తున్నారనుకున్నాను."

"నేనా? నేను తొందరగా చల్లార్చడమేంటి? ఒక్కసారి కూడా లేదు. నువ్వే తక్కువ..." అని ఆగిపోయాడు.

"తక్కువ తూచానంటారా? అనండి. అత్తయ్యతో అన్నారుగా, నాతో కూడా అనండి."

ఆయన చెయ్యి చువ్వ మీద అలాగే ఉంది.

"అసలు నువ్వు ఎప్పుడూ తక్కువ తూచలేదా?"

"మీరు ఎప్పుడూ తొందరపడలేదా?"

"లేదు."

"నేను కూడా లేదు."

భట్టీ గోడ మీది ఎర్ర అంకెలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఆయన చువ్వను కొద్దిగా లాగాడు, ఆగి అంకెలు చూశాడు, ఇంకొద్దిగా లాగాడు. ఎప్పుడూ ఉంచే చోటికి తెచ్చి చెయ్యి తీసేశాడు. తర్వాత బోర్లించిన పెట్టె మీద కూలబడి, ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు అదురుతుంటే ఏడుస్తున్నాడేమోనని దగ్గరికి వెళ్ళాను. చూస్తే నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపే వచ్చింది, అది కూడా ఆయన మీద కోపంతోనే వచ్చింది.

"మరి మొదటి లాటు ఎవరు చెడగొట్టారు?" అన్నాడు కాసేపటికి.

అది నాకు కూడా తెలీదు. ఆయన షిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉండి అదే తవ్వుకున్నాం. నేను ఆ గదిలో ఎన్ని ప్రదక్షిణలు చేశానో ఆయన లెక్కపెట్టలేదు, పెట్టినా పైకి అనలేదు.

మర్నాడు బిళ్ళలు తీశారు. టెస్టింగ్ అమ్మాయి ఒక్కొక్కటే మీటరుకు తగిలిస్తుంటే నేను కిటికీ దగ్గర నా గోళ్ళు నేనే తినేస్తున్నాను. చల్లగా ఉన్నప్పుడు కరెంటు హాయిగా పోయింది. వేడి పెరిగింది, సరిగ్గా ఆగాల్సిన చోట, కరెంటుకు అడ్డెంతో చూపే ముల్లు ఒక్క ఊపున పైకి లేచింది.

"అక్కా, అచ్చం పాత లాట్లలాగే ఉంది" అంది ఆ అమ్మాయి. "నిజం చెప్పాలంటే వాటికన్నా బాగుంది."

నేను మాత్రం ముల్లు మీదినుంచి కళ్ళు తీయలేకపోయాను. నేను తప్పు తూచలేదు, ఆయన తప్పు కాల్చలేదు. అయినా ఎక్కువ మాంగనీసు పడితేనే బిళ్ళ కుదిరింది. అంటే మారింది పొడే. కొత్త బస్తాల పొడి మరీ శుభ్రంగా ఉంది. పాత పొడిలో ఉన్న మలినమే ఇన్నాళ్ళూ మాంగనీసుకు తోడుగా కాస్త పని చేసిపెట్టింది. మేం దాన్ని లెక్కలో రాసుకోలేదు. అది పోగానే బిళ్ళలకు ఆగడం చాలలేదు. నేను వేసిన ఆ కాస్త ఎక్కువ ఇక ప్రతి లాటుకూ కావాల్సిందే.

మేనేజరుగారు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. బల్ల మీద బదిలీ కాయితం ఉంది, సంతకం చోటు ఖాళీగా ఉంది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఏం చేశావయ్యా ఈసారి?" అని మా ఆయన్ని అడిగారు.

"తప్పు నాదేనండీ" అన్నాడు మా ఆయన వెంటనే. "తలుపులు నేనే అటూ ఇటూ మార్చాను. ఇకమీదట మార్చను. మిగతావాళ్ళ పనిలో ఏ లోపమూ లేదు."

మేనేజరుగారు తల పంకించి, కాయితాన్ని పక్కకు జరిపారు. ఆ పూటకు గండం గడిచింది. నా వైపు తిరిగి, "ఆ ఇన్‌చార్జి సంగతి కూడా తేల్చేద్దామమ్మా" అన్నారు.

నోరు విప్పకపోతే చాలు. నాకు కుర్చీ, ఆయనకు భట్టీ. ప్రతి లాటుకూ అద్దాల పెట్టె ముందు ఆ కాస్త ఎక్కువ నేనే వేస్తూ పోవచ్చు, కార్డు కార్డులాగే ఉంటుంది, ఎవరికీ తెలీదు. నేను రాని రోజున ఇంకొకరు కార్డు చూసి తూస్తారు, బిళ్ళలు ఆగవు, మళ్ళీ మా ఆయన పీకే దొరుకుతుంది. అంతకన్నా నన్ను మండించింది ఇంకొకటి. ఈ మహానుభావుడు నన్ను అడక్కుండా నన్ను మళ్ళీ కాపాడేశాడు. నిన్న సాయంత్రం అంత చూసి కూడా.

"ఆయన చెప్పింది సగమేనండీ" అన్నాను.

మా ఆయన నా చెయ్యి నొక్కాడు. విడిపించుకుని మొత్తం చెప్పాను. ఎక్కువ వేసింది, మానేసింది, మళ్ళీ వేసింది, కొత్త పొడి సంగతి, కార్డు మార్చాల్సిన సంగతి. మేనేజరుగారు మధ్యలో ఒక్క మాట కూడా అడ్డురాలేదు. చివర్లో కార్డు తెప్పించి, నేను చెప్పిన తూకం తన చేత్తోనే రాశారు. దాంతో అయిపోయిందనుకున్నాను.

"పొడి సంగతి పట్టుకున్నావు, మంచిదే" అన్నారు. "కానీ తూకం గదిలో కూర్చున్న మనిషి, తనకు తోచింది ఎవరికీ చెప్పకుండా కలిపితే నేను ఇక ఏ లాటును నమ్మాలి? తలుపులు మార్చడం వేరు, అది ఆయన చేతి పని. మందు మార్చడం వేరు. అటు పెంకుల యూనిట్‌లో కూడా మనిషి కావాలమ్మా. కాయితం ఎలాగూ తయారుగా ఉంది." కలం తీసి మా ఆయన పేరు కొట్టేసి, దాని పైన నా పేరు రాసి, సంతకం పెట్టారు.

ఆయన అన్నదాంట్లో కూడా తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. అదే ఎక్కువ బాధ. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాం. పైనుంచి మిల్లు చప్పుడు వినిపిస్తోంది. నాకు కళ్ళు మసకబారాయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నట్టు నటించాను.

"ఆ రోజు క్యాంటీన్లో నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు మా ఆయన. "అందరూ నవ్వుతుంటే బాగుందనిపించింది. నీ ముఖం చూశాక కూడా తప్పయిందనలేదు. తప్పయింది."

ఆ మాట కోసం నెలన్నర ఎదురుచూశాను. వచ్చింది. ఎంత కోపంగా ఉందంటే, ఆయన భుజం మీద తల పెట్టుకుని అక్కడే కూలబడాలనిపించింది.

"నేను కూడా అక్కడికే అర్జీ పెట్టేస్తాను. పెంకుల భట్టీ అయితే ఏం, భట్టీయేగా" అన్నాడు. అని, నాలుక కరుచుకుని నా ముఖంలోకి చూశాడు. "అదే, అడుగుతున్నాను. నేను రానా?"

వద్దు అని నోటిదాకా వచ్చింది. ఆ పాత భట్టీ అంటే ఆయనకు ప్రాణమని నాకు తెలుసు. పెంకులు ఎవరైనా కాలుస్తారు. నేను వద్దంటే ఆయన మొహమాటం లేకుండా ఇక్కడే ఉండిపోతాడు, నేను అక్కడ ఒంటరిగా కుమిలిపోతాను, ఆయనకు మేలు చేశానని నాకు నేనే చెప్పుకుంటాను. ఇది కూడా ఎవరికీ చెప్పకుండా కాస్త ఎక్కువ వెయ్యడమేనని అర్థమై, మింగేశాను.

"మీరు రావాలని నాకుంది" అన్నాను. "చాలా ఉంది. ఆ భట్టీ వదిలిపెట్టాలని మీకు లేదు. ఉందా?"

ఆయన భట్టీ గది వైపు చూశాడు. ఎన్నడూ లేనిది, జవాబు కోసం నాకు తొందర కలగలేదు.

"లేదు" అన్నాడు. "నిన్ను ఒంటరిగా పంపాలని కూడా లేదు."

"సరే. రెండూ విన్నాం కదా. ఇప్పుడు ఏం చేద్దాం చెప్పండి" అన్నాను.